పిల్లలు మన సాయం లేకుండా చదువుకోవాలంటే తరగతిలో ఏం చేయాలి?

పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయిన పిల్లల కళ్ళు ఎటు వెళ్తాయో గమనించండి. చాలామంది పుస్తకం వదిలేసి టీచర్ ముఖంలోకి చూస్తారు. మనం వెంటనే ఆ మాట అందించేస్తాం. పాఠం ముందుకు సాగుతుంది, పీరియడ్ గడిచిపోతుంది. రేపు అలాంటి మాటే ఇంకో పుస్తకంలో ఎదురైతే అందించడానికి మనం పక్కన ఉండం.

నేను చాలా ఏళ్ళు ఇలాగే అందిస్తూ వచ్చాను. అందించడమే నేర్పడం అనుకున్నాను. మా తరగతిలో పాఠాలన్నీ గడగడా చదివే ఒక అబ్బాయి ఉండేవాడు. ఓ రోజు వాడి చేతికి కొత్త కథల పుస్తకం ఇస్తే మొదటి పేజీ కూడా దాటలేకపోయాడు. పాఠ్యపుస్తకాన్ని వాడు చదవడం లేదు, విని విని కంఠతా పట్టాడు. నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు. అప్పటి నుంచి ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చిన పద్ధతి ఇది. ప్రాథమిక తరగతులకు చెప్పేవాళ్ళు రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. పై తరగతుల్లో వెనకబడిన పిల్లలకూ ఇదే పనికొస్తుంది.

ముందు ఒక్క విషయం. అక్షరాలు ముందా, అర్థం ముందా అన్న వాదన మన స్టాఫ్‌రూముల్లో ఎప్పుడూ ఉండేదే. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు దీనికి చిన్న లెక్క చెప్పారు. రాసినదాన్ని మాటగా పలికే శక్తిని, విన్న భాషను అర్థం చేసుకునే శక్తితో గుణిస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకునే శక్తి అన్నారు. వాళ్ళు కూడిక అనలేదు, గుణకారం అన్నారు. రెండిట్లో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. అందుకే తరగతిలో సమతూకం అంటే అక్షరాలకు అరగంట, కథలకు అరగంట అని అందరికీ ఒకేలా పంచడం అనుకోకండి. ఏ పిల్లకు ఏ వైపు తక్కువగా ఉందో ఆ వైపు బరువు పెంచాలి. అది తెలియాలంటే మొదటి అడుగు వేయక తప్పదు.

1. ఒక్కొక్కరి పక్కన ఐదు నిమిషాలు కూర్చోండి

పిల్లలు అంతకు ముందు చూడని 100 మాటల భాగం ఒకటి ఎంచుకోండి. బాగా చిన్న తరగతైతే 50 మాటలు చాలు. ఒకటి పిల్లల చేతిలో పెట్టి, ఇంకో కాపీ మీ దగ్గర ఉంచుకోండి. వాళ్ళు చదువుతుంటే తప్పు పలికిన మాట మీద ఒక గీత, వదిలేసిన మాట చుట్టూ ఒక సున్నా, తప్పు చదివి తమంతట తామే దిద్దుకున్న చోట ఒక టిక్కు పెట్టండి. చదవడం అయ్యాక పుస్తకం మూయించి, "ఏం చదివావో నీ మాటల్లో చెప్పు" అనండి.

100 మాటల్లో 5 కంటే తక్కువ తప్పులొస్తే ఆ స్థాయి పుస్తకం ఒంటరిగా చదవగలరు. 5 నుంచి 10 వరకు వస్తే మీరు పక్కన ఉంటే చదవగలరు. 10 దాటితే ఆ పుస్తకం ప్రస్తుతానికి బరువే. ఇది మోటు కొలత, దీన్ని బట్టి పిల్లల మీద ముద్ర వేయొద్దు. రేపు ఎవరితో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి మాత్రం సరిపోతుంది.

ఈ పరీక్షలో మూడు రకాల పిల్లలు కనిపిస్తారు. కొందరు కూడబలుక్కుని చదువుతారు గానీ చదివింది చక్కగా చెప్తారు. ఇంకొందరు ధారాళంగా చదువుతారు గానీ ఏం చదివారో చెప్పలేరు. కొందరికి రెండూ కష్టమే. మనం ఎక్కువగా మోసపోయేది రెండో రకం దగ్గర. వాళ్ళ గొంతు విని బాగా వచ్చేసిందనుకుని వదిలేస్తాం.

40 మంది ఉన్న తరగతైతే రోజుకు నలుగురైదుగురి చొప్పున రెండు వారాల్లో అయిపోతుంది. ఆ రెండు వారాలు వృథా అనుకోకండి.

2. అక్షరాల పని రోజూ 15 నిమిషాలు, ఒక వరసలో

తెలుగు లిపిలో ఒక మంచి సంగతి ఉంది, ఒక కష్టం ఉంది. దాదాపు రాసినట్టే పలుకుతాం కాబట్టి నేర్చుకున్న అక్షరం ఎక్కడ కనిపించినా చదవొచ్చు. కానీ నేర్చుకోవాల్సిన రూపాలు చాలా ఎక్కువ. వర్ణమాల అయ్యాక గుణింతాలు, ఆ తర్వాత ద్విత్వాలు, సంయుక్తాలు. అందుకే "ఒకటో తరగతిలో అక్షరాలు అయిపోయాయి" అని పుస్తకం మూసేయకూడదు. మూడు, నాలుగు తరగతుల్లో కూడా ఒత్తుల దగ్గర తడబడే పిల్లలుంటారు. అది తెలివి తక్కువై కాదు, ఆ పని ఇంకా పూర్తి కాలేదు, అంతే.

వర్ణమాల మొత్తం బట్టీ పట్టించాక మాటల్లోకి వెళ్ళడం కంటే, నాలుగైదు అక్షరాలు రాగానే వాటితో మాటలు కట్టించడం మేలు. ర, గ, ప, ద, త వస్తే చాలు, గద, పద, పగ లాంటి మాటలు వచ్చేస్తాయి. దీర్ఘం చేర్చగానే తాత, పాత, దార వైపు అడుగు పడుతుంది. తాము చదివిన మొదటి మాట తమకు తెలిసిన మాటే అని అర్థమైనప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ఆ క్షణాన్ని వర్ణమాల మొత్తం అయ్యేదాకా వాయిదా వేయడం అన్యాయం.

చూడ్డానికి దగ్గరగా ఉండే జతలను (వ, ప / మ, వు / బ, భ / ద, ధ) ఒకే రోజు నేర్పకండి. ఒకటి బాగా కుదిరాక రెండోది తెచ్చి, అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా చూపించండి.

రెండో తరగతి దాటాక ఈ 15 నిమిషాలను పొడుగు మాటలు విడదీయడానికి వాడండి. మన భాషలో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. "చెప్పకూడదనుకున్నాడు" అని ఒకే మాటగా అచ్చులో కనిపిస్తే పిల్లలకు కొండలా ఉంటుంది. బోర్డు మీద రాసి, "చెప్పకూడదు" దగ్గర ఒక గీత గీయండి. మిగిలింది "అనుకున్నాడు". రోజుకు ఇలాంటివి మూడు చాలు. నెల తిరిగేసరికి పిల్లలే పెన్సిల్‌తో గీతలు పెట్టుకోవడం మొదలుపెడతారు.

3. మీరు చదివి వినిపించండి, మీ ఆలోచన కూడా వినిపించండి

రోజూ పది నిమిషాలు, పిల్లలు ఒంటరిగా చదవగలిగిన దానికంటే కాస్త కష్టమైన పుస్తకం చదవండి. చెవులు ఎప్పుడూ కళ్ళకంటే ముందుంటాయి. కొత్త మాటలు, కొత్త వాక్యాలు ముందు చెవి ద్వారానే వస్తాయి. గఫ్, టన్మర్ల గుణకారంలో రెండో సంఖ్య పెరిగేది ఇక్కడే. ఐదో తరగతికి వచ్చాక ఇది అవసరం లేదనుకుంటారు చాలామంది. నా అనుభవంలో ఐదో తరగతికే ఎక్కువ అవసరం.

చదువుతూ మధ్యలో ఆగి మీ మనసులో జరిగేది పైకి చెప్పండి. "ఇక్కడ 'అతను' అంటే ఎవరు? రాజా, మంత్రా? నాకు అర్థం కాలేదు, రెండు వాక్యాలు వెనక్కి వెళ్తాను." బాగా చదివేవాళ్ళు కూడా ఆగుతారని, వెనక్కి వెళ్తారని పిల్లలకు తెలియదు. పెద్దవాళ్ళు ఒక్కసారి చూడగానే అంతా అర్థమైపోతుందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం పోవాలంటే మనం తడబడి, సర్దుకోవడం వాళ్ళు చూడాలి. పది నిమిషాల్లో ఇలా రెండుసార్లు ఆగితే చాలు, ఎక్కువైతే కథ చెడుతుంది.

4. కలిసి చదవండి, మళ్ళీ మళ్ళీ చదివించండి

అందరికీ కనిపించేలా ఒక పేరా బోర్డు మీదో చార్టు మీదో రాయండి. మొదటిసారి మీరు వేలితో చూపిస్తూ చదవండి. రెండోసారి అందరూ మీతో కలిసి. మూడోసారి మీ గొంతు తగ్గించి, వాళ్ళ గొంతులే వినిపించేలా. బెరుకున్న పిల్లలకు గుంపులో గొంతు కలపడం పెద్ద ధైర్యం.

తర్వాత జంటలుగా కూర్చోబెట్టి అదే పేరా ఒకరికొకరు చదివి వినిపించుకోమనండి. ఒకే భాగాన్ని మళ్ళీ మళ్ళీ చదివించడం వల్ల చదువు ధారాళమవుతుందని జే సామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లోనే రాశారు. 50 నుంచి 200 మాటల భాగం దీనికి సరిగ్గా సరిపోతుంది. వేగం కోసం పోటీ మాత్రం పెట్టొద్దు. కామా దగ్గర ఊపిరి తీసుకోవడం, ప్రశ్న దగ్గర గొంతు లేపడం, ఎక్కడ విరవాలో అక్కడ విరవడం వస్తే వేగం అదే వస్తుంది.

ఒకరి తర్వాత ఒకరిని నిలబెట్టి పాఠంలో తలా నాలుగు వాక్యాలు చదివించే అలవాటు మాత్రం మానేయండి. 40 మందిలో ఒకరు చదువుతుంటే 39 మంది తమ వంతు ఎప్పుడొస్తుందా అని వాక్యాలు లెక్కపెట్టుకుంటూ టెన్షన్‌లో ఉంటారు. చదవలేని పిల్లలకైతే అది అందరి ముందూ తలదించుకునే గండం. చదువంటే భయం చాలామందికి అక్కడే పుడుతుంది.

5. చిన్న గుంపులో, ఆగిపోయిన చోట

ఒకే రకం సాయం కావాల్సిన ఐదారుగురిని మీ దగ్గర కూర్చోబెట్టుకోండి. మిగతావాళ్ళు జంట చదువులోనో సొంత చదువులోనో ఉంటారు. రోజుకు రెండు గుంపులు, ఒక్కోదానికి పది పన్నెండు నిమిషాలు. అందరికంటే వెనకున్న గుంపును రోజూ పిలవండి, మిగతావి వంతులవారీగా. గుంపులు శాశ్వతం కాకూడదు. నెలకోసారి మార్చకపోతే పిల్లలే తమకు పేర్లు పెట్టుకుంటారు, ఆ పేర్లు బాధపెడతాయి.

ఇక ఆ గుంపులో జరిగేదే అన్నిటికంటే ముఖ్యం. ఒకరోజు మూడో తరగతి పాప నా పక్కన కూర్చుని చదువుతోంది. "ఆ రాత్రి ముసలాయన" దాకా వచ్చి ఆగింది. తర్వాతి మాట "నిశ్చింతగా". "ని..." అని నా వైపు చూసింది. నేను పుస్తకం వైపే చూస్తూ మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకున్నాను. ఆ ఐదు అంకెలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి.

"నిశిచంతగా" అంది. తప్పే. కానీ చిక్కు ఎక్కడుందో ఆ తప్పే చెప్పింది. కంటికి గుడి శ మీద కనిపిస్తుంది, కాబట్టి "శి" అనేసి, తర్వాత కింద ఉన్న ఒత్తును చదివింది. మన లిపిలో సంయుక్తాక్షరం ఇలాగే ఉంటుంది. గుడి కనిపించేది పైనున్న హల్లు మీద, పలికేది కింది ఒత్తు తర్వాత. పెద్దవాళ్ళం అలవాటైపోయి దాన్ని మర్చిపోయాం. నేను మాట చెప్పకుండా కాగితం ముక్క మీద "శ్" అని, పక్కన "చిం" అని రాశాను. "శ్... చిం... శ్చిం" అంది. మళ్ళీ మొదటికి వెళ్ళి, "ఆ రాత్రి ముసలాయన నిశ్చింతగా నిద్రపోయాడు" అని చదివేసింది.

"అంటే ఏంటమ్మా?" అన్నాను.

"చింతచెట్టు కింద పడుకున్నాడా టీచర్?"

పలకడం వచ్చింది, అర్థం రాలేదు. దానికీ నేను జవాబు చెప్పలేదు, ముందు వాక్యం మళ్ళీ చదవమన్నాను. అందులో అప్పు తీరిపోయిందని ఉంది. చదివి ఒక్క నిమిషం ఆలోచించి, "ఓ... బెంగ లేకుండా!" అంది. మొత్తం మూడు నిమిషాలు పట్టింది. నేనే చెప్పేసి ఉంటే పది సెకన్లలో అయిపోయేది. ఆ పాప మాత్రం ఆ తర్వాత "ఆశ్చర్యం", "నిశ్చయం" తనే చదువుకుంది.

అందుకని పిల్లలు ఆగినప్పుడు ఈ వరస పాటించండి. ముందు ఐదు సెకన్లు ఆగండి, మీ కళ్ళు పుస్తకం మీదే ఉంచండి. రాకపోతే మాటలో కొంత భాగం వేలితో మూసి, కనిపించేది చదవమనండి. అప్పటికీ రాకపోతే అలాంటిదే వాళ్ళకు తెలిసిన మాట గుర్తు చేయండి. చదివాక వాక్యం మొత్తం మళ్ళీ చదివించి, "అర్థం కుదిరిందా?" అని అడగండి. ఇవేవీ పనిచేయకపోతే చెప్పేయండి, అందులో తప్పు లేదు. విదేశీ ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు అయితే నేను వెంటనే చెప్పేస్తాను, వాటి దగ్గర పిల్లల ఓపిక ఖర్చు చేయడం అనవసరం.

బొమ్మ చూసి మాట ఊహించమని మాత్రం చెప్పకండి. "గుర్రం" అని ఉన్నచోట బొమ్మ చూసి "గాడిద" అని చదివే అలవాటు బొమ్మలు ఉన్నంతకాలమే నడుస్తుంది. పై తరగతి పుస్తకంలో బొమ్మలుండవు. మాటను అక్షరాలతో చదవాలి, చదివింది సరైందా కాదా అన్నది అర్థంతో సరిచూసుకోవాలి.

6. చదివింది తమకు అర్థమైందో లేదో తామే కనిపెట్టేలా

పాఠం చివర మనం అడిగే ప్రశ్నలకు జవాబులు పేరాల్లో వెతికి రాసేస్తారు. అది పరీక్షకు పనికొస్తుందేమో గానీ, అర్థం కానప్పుడు ఏం చేయాలో నేర్పదు. 1984లో ఆన్‌మరీ పాలింక్సార్, యాన్ బ్రౌన్ అనే పరిశోధకులు ఒక పద్ధతి ప్రచురించారు. అక్షరాలు బాగా చదవగలిగీ అర్థం చేసుకోలేని ఏడో తరగతి పిల్లలతో వాళ్ళు పనిచేశారు. గుంపులో ఒకరు టీచర్ పాత్ర తీసుకుని నాలుగు పనులు చేయాలి: తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం, ఒక ప్రశ్న వేయడం, అర్థం కాని చోటు తేల్చుకోవడం, చదివింది రెండు ముక్కల్లో చెప్పడం. మొదట మీరు చేసి చూపండి, తర్వాత వాళ్ళతో కలిసి చేయండి, ఆ తర్వాత కుర్చీ వాళ్ళకిచ్చి మీరు గుంపులో ఒకరైపోండి. నాలుగూ ఒకేసారి నేర్పితే గందరగోళం. నేను వారానికి ఒకటి చొప్పున నేర్పుతాను, అన్నిటికంటే ముందు "అర్థం కాని చోటు".

అర్థం కాకపోవడానికి ఇంకో కారణం ఉంటుంది, దాన్ని మనం తరచూ మర్చిపోతాం. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో ఒక బేస్‌బాల్ ఆట గురించిన వ్యాసం చదివించారు. చదువులో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదువుతారనుకున్నా ఆట తెలియని పిల్లలకంటే మెరుగ్గా అర్థం చేసుకున్నారు. కాబట్టి కొత్త విషయం మీద పాఠం మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు దాని గురించి మాట్లాడండి. సైన్స్, సాంఘికం పీరియడ్లలో నేర్చుకున్నదీ చదువుకే పనికొస్తుంది. వాటిలోంచి టైమ్ తీసి రీడింగ్‌కు పెట్టడం తప్పు లెక్క.

7. ఒంటరి చదువుకు రోజూ టైమ్ ఇవ్వండి, కానీ వదిలేయకండి

పుస్తకం ఇచ్చి "నిశ్శబ్దంగా చదువుకోండి" అని మన పేపర్లు దిద్దుకుంటే కొందరు చదువుతారు, మిగతావాళ్ళు పేజీలు తిప్పుతారు. ఒంటరి చదువుకు ఇచ్చే పదిహేను నిమిషాల్లో మీరు తిరుగుతూ ఉండాలి. ఒకరి పక్కన వంగి, "ఇక్కడి నుంచి మెల్లగా చదువు, వింటాను" అనండి. రెండు నిమిషాలు వినండి, ఒక్క ప్రశ్న అడగండి, నోట్‌బుక్‌లో ఒక ముక్క రాసుకుని ముందుకు వెళ్ళండి.

పుస్తకం వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఎంచుకోవడమూ నేర్పాల్సిందే. ఏదో ఒక పేజీ తెరిచి చదవమనండి. చదవలేని మాటకు ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ మడిస్తే అది ఇంకొన్నాళ్ళు ఆగాల్సిన పుస్తకం. అయినా ఎవరైనా ఆ విషయం మీద పిచ్చి ఇష్టంతో కష్టమైన పుస్తకమే కావాలంటే నేను కాదనను. గ్రహాల మీద పెద్ద పుస్తకం పట్టుకుని వారమంతా నాలుగు పేజీలే చదివిన అమ్మాయిని చూశాను. ఆ నాలుగు పేజీలూ అక్షరం వదలకుండా చదివింది. తేలిక పుస్తకాలనూ, చదివేసిన పుస్తకాన్నే మళ్ళీ చదవడాన్నీ చిన్నచూపు చూడకండి.

రోజుకు ఒకే పీరియడ్ దొరికే టీచర్లు చాలామంది ఉంటారు. 45 నిమిషాలైతే అక్షరాల పని 15, చిన్న గుంపు, ఒంటరి చదువు కలిసి 20, చదివి వినిపించడం 10. కలిసి చదవడం వారానికి రెండు రోజులు అక్షరాల పనిలో కలిపేయండి. ఏదైనా తగ్గించాల్సి వస్తే ఒంటరి చదువును మాత్రం తగ్గించకండి. మనం అన్నిటికంటే ముందు దాన్నే కోసేస్తాం.

8. మూడు నెలలకు మళ్ళీ కూర్చోండి

మొదట చేసిన పరీక్షే, అదే స్థాయి కొత్త భాగంతో మళ్ళీ చేయండి. ఈసారి తప్పుల కంటే టిక్కులు ఎక్కువ శ్రద్ధగా లెక్కపెట్టండి. తప్పు చదివి, "కాదు కాదు" అనుకుని వెనక్కి వెళ్ళి దిద్దుకున్న ప్రతిచోటా ఆ పిల్ల తన చదువును తనే వింటోందన్నమాట. కాగితం అంచున ఇంకో లెక్క కూడా వేసుకోండి: చదువుతూ ఎన్నిసార్లు మీ ముఖంలోకి చూశారు? ఈ అంకె తగ్గుతున్నవాళ్ళను చిన్న గుంపు నుంచి మెల్లగా తప్పించి, ఆ చోటు ఇంకొకరికి ఇవ్వొచ్చు.

మూడు నెలలు క్రమం తప్పకుండా చేసినా ఏ కదలికా లేని పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళను బద్ధకం అని కొట్టిపారేయకండి. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఇంట్లో మాట్లాడే భాష వేరేమో కనుక్కోండి. అవన్నీ సరిగ్గానే ఉంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా మాటలు చదవడం కష్టమయ్యే సమస్య) ఉందేమో నిపుణులకు చూపించాలి. అప్పుడు మీరు మొదటి రోజు రాసుకున్న కాగితం, ఇవాళ్టి కాగితం రెండూ వాళ్ళ చేతికివ్వండి. ఏ మాట దగ్గర ఏమని పలికారో ఉన్న ఆ కాగితాలు వాళ్ళకు మార్కుల జాబితా కంటే ఎక్కువ చెప్తాయి.